అక్కని అడగండి: బరంపురంలో పని ఎవరిని అడగాలి?

ఈ నెల మూడు ఉత్తరాలు తీశాను. మూడూ పని గురించే. మొదటిదానికి జవాబు బాగా పొడుగైపోయింది. ఎడిటర్ గారు కొంచెం కత్తిరిద్దామన్నారు గానీ నేను ఒప్పుకోలేదు.

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది విశాఖపట్నం. మా ఆయనకి ఒడిశాలోని బరంపురం బదిలీ అయ్యి నాలుగు నెలలైంది. నేను బీకాం. విశాఖలో ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపులో ఐదేళ్లు అకౌంట్స్ చూశాను. కంప్యూటర్లో లెక్కలు రాసే ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు వచ్చు. బాబుకి నాలుగేళ్లు, ఇక్కడే నర్సరీలో వేశాం. ఆన్‌లైన్లో నలభై చోట్ల అప్లై చేశాను, ఒక్క ఫోనూ రాలేదు. మొన్న ఒక కన్సల్టెన్సీ వాళ్లే ఫోన్ చేసి, రిజిస్ట్రేషన్‌కి 2,500 కడితే వారంలో ఉద్యోగం గ్యారంటీ అన్నారు. నాకు ఒడియా రాదు, ఊళ్లో ఎవరూ తెలీదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఒకటే టెన్షన్. ఆ డబ్బు కట్టేయమంటారా? (పేరు వేయొద్దు, ఆస్కా రోడ్డు, బరంపురం)

జవాబు: చెల్లీ, ముందు ఆ 2,500 సంగతి. కట్టకు. ఇంకా మనసు లాగుతుంటే నా కథ విను.

నేను 1995లో సోంపేట నుంచి కాపురానికి ఈ ఊరొచ్చాను. ఇంటర్ పాసై, టైపు లోయర్ చేసిన పిల్లని. మా ఆయన రైసు మిల్లులో గుమస్తా. ఒక టైలర్ షాపు మీద మేడగదిలో, ఉద్యోగాలు ఇప్పించబడును అని మూడు భాషల్లో బోర్డు పెట్టుకున్న ఒకాయన ఉండేవాడు. గోడకి లక్ష్మీదేవి క్యాలెండరు, బల్ల మీద కార్బన్ పేపరు పెట్టిన రసీదు పుస్తకం. 300 రూపాయలు కట్టించుకున్నాడు. అప్పుడు మా ఇంటద్దె 350. ఆ తర్వాత ఎప్పుడెళ్లినా ఒకటే మాట, "కాలి ఆసంతు". రేపు రండి అని. పదకొండుసార్లు వెళ్లాను. ఒడియాలో 'కాలి' అంటే రేపూ అదే, నిన్నా అదే అని నాకు తెలిసేసరికి గదికి తాళం పడింది. అప్పుడే ఊర్నుంచి దిగిన మా అత్తగారు, ఒక్క ముక్క ఒడియా రాకుండానే, దానికి అర్థం చెప్పేసింది. "కాలి ఆశే మరి! కాళ్లరిగేదాకా తిప్పే ఆశ." ఆ రసీదు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అక్షరాలు వెలిసిపోయాయి గానీ 300 అంకె మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లకి ఒక ట్రైనింగ్ సెంటర్లో పిల్లలకి ప్లేస్‌మెంట్లు చూసే పనిలో చేరి, పన్నెండేళ్లు చేశాను. అప్పుడు అర్థమైంది అసలు లెక్క. మంచి కన్సల్టెన్సీకి డబ్బిచ్చేది మనిషి కావాల్సిన కంపెనీ. మన దగ్గర ముందే ఫీజు అడుగుతున్నారంటే వాళ్ల సరుకు ఉద్యోగం కాదు, మన ఆత్రం. మళ్లీ ఫోన్ చేస్తే మూడే అడుగు. ఏ కంపెనీ, ఏ వీధిలో ఉంది, ఇంటర్వ్యూ చేసేదెవరు. "ముందు రిజిస్టర్ అవ్వండి మేడమ్" అన్నారంటే పెట్టెయ్. ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చివ్వమంటే నంబరు బ్లాక్ చెయ్. ఒకవేళ ఈ ఉత్తరం అచ్చయ్యేలోపే కట్టేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకు, వెంటనే 1930కి ఫోన్ చెయ్. అది సైబర్ మోసాల నంబరు. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇక పైసా ఖర్చు లేని దారులు. కేంద్ర కార్మిక శాఖ వాళ్లది నేషనల్ కెరీర్ సర్వీస్ అని ఉంది, 2015 జులైలో మొదలైంది. అందరూ ఎన్‌సీఎస్ అంటారు. ఫోన్లోనే పేరు నమోదు చేసుకోవచ్చు. అర్థం కాకపోతే 1514కి ఫోన్ చేసి అడుగు. జాబ్ మేళాలు ఎక్కడ ఎప్పుడు జరుగుతున్నాయో కూడా అందులో తెలుస్తుంది. రెండోది ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి. గంజాం జిల్లాకి కలెక్టరు ఆఫీసు బరంపురంలో కాదు, ఛత్రపురంలో ఉంది. కొత్తవాళ్లందరూ పొరపాటు పడేది ఇక్కడే. అందుకని నీ అడ్రసుకి ఏ ఆఫీసు వర్తిస్తుందో కనుక్కుని బయల్దేరు, బస్సు ఛార్జీ దండగ కాకుండా ఉంటుంది.

ఎక్స్చేంజిలో పేరు రాయించుకుని కార్డు తీసుకుంటే ఇంటికి కాల్ లెటర్ వచ్చేస్తుందని మాత్రం అనుకోకు. మా నాన్న కాలంలో అలా జరిగేది. 1996లో సుప్రీంకోర్టు, మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ ఉద్యోగాల కేసులోనే, ఎక్స్చేంజి పంపిన పేర్లు ఒక్కటే చూస్తే చాలదు, పేపర్లో ప్రకటన కూడా వేసి అప్లై చేసిన వాళ్లందర్నీ చూడాలి అని తీర్పిచ్చింది. అప్పట్నుంచి ఆ కార్డుకి పాత బలం లేదు. అయినా తీసుకోమంటాను. మేళాల కబురు, ట్రైనింగుల కబురు ముందు అక్కడికే వస్తుంది. కౌంటర్లో ఉన్నవాళ్లు రెండోసారి నిన్ను చూస్తే గుర్తుపడతారు, మూడోసారి వాళ్లే ఏదో ఒకటి చెబుతారు. రెన్యువల్ తేదీ మర్చిపోకు.

దీనికి అడ్రసు ప్రూఫ్ కావాలి కదా, నీ ఆధార్ ఇంకా విశాఖదే అయి ఉంటుంది. ముందు మీ ఆయనది అద్దె అగ్రిమెంటు పెట్టి మార్పించు. తర్వాత కుటుంబ పెద్దగా ఆయన ఆన్‌లైన్లో ఒప్పుకుంటే, పెళ్లి సర్టిఫికెట్ లాంటి కాగితంతో నీది కూడా మారుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నలభై చోట్ల అప్లై చేసినా ఫోన్ రాలేదంటే నీ తప్పేం లేదు. బరంపురంలో అకౌంట్స్ మనిషి కావాల్సిన యజమాని నెట్‌లో ప్రకటన ఇవ్వడు. పక్క షాపువాణ్ణి అడుగుతాడు. ఈ ఊరు నిలబడింది షాపుల మీద, ఏజెన్సీల మీద. పట్టు చీరల కొట్లు, అప్పడాలు-పచ్చళ్ల వ్యాపారాలు, పెద్దాసుపత్రి చుట్టూ మెడికల్ ఏజెన్సీలు, హార్డ్‌వేర్, బంగారం. వీటిల్లో చాలాచోట్ల గల్లాపెట్టె దగ్గర తెలుగు వినిపిస్తుంది. నువ్వు హార్డ్‌వేర్ హోల్‌సేల్ చూశావు కాబట్టి ముందు ఆ వరసే మొదలుపెట్టు. ఒక పేజీ బయోడేటా, పాత యజమాని దగ్గర్నుంచి అనుభవం ఉన్నట్టు ఒక ఉత్తరం. అది లేకపోతే ఈ రోజే ఫోన్ చేసి వాట్సాప్‌లో తెప్పించుకో.

ఎప్పుడు వెళ్లాలో కూడా చెబుతాను. నెలలో 11లోపు ఒక జీఎస్టీ రిటర్ను, 20లోపు ఇంకోటి అని నీకు తెలుసుగా. ఆ ముందు రోజుల్లో వెళ్తే యజమాని నీ మొహం కూడా చూడడు. 21 తర్వాత వెళ్లు. అప్పటికి పాత గుమస్తా మీద కోపం తాజాగా ఉంటుంది! పొద్దున్న షట్టర్ ఎత్తే వేళ వద్దు, సాయంత్రం బేరం వేళ వద్దు. మధ్యాహ్నం భోజనానికి ముందు, పదకొండున్నర ప్రాంతంలో.

నీకు పరీక్ష ఎలా పెడతాడో తెలుసా? డిగ్రీ సర్టిఫికెట్ చూడడు. నాలుగైదు బిల్లులున్న కట్ట నీ ముందు పడేసి ట్యాలీలో ఎక్కించమంటాడు. అందులో కచ్చితంగా ఒక ఇచ్ఛాపురం బిల్లో, పలాస జీడిపప్పు బిల్లో ఉంటుంది. సరిహద్దు ఊరి కిటుకు అక్కడే ఉంది. అమ్మినవాడి జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు చూడు. 37 అంటే ఆంధ్ర, 21 అంటే ఒడిశా. ఐదేళ్లు విశాఖలో నీకు 37 ఇంటిది, 21 పొరుగుది. ఇక్కడ తారుమారు. ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లే అయినా అక్కణ్ణుంచి వచ్చిన సరుకు మీద పడేది ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటిన సరుకు పన్ను. ఆస్కా నుంచి వస్తే మాత్రం సగం కేంద్రానికి సీజీఎస్టీ, సగం రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ. అలవాటు కొద్దీ ఇచ్ఛాపురం బిల్లుని లోకల్లో ఎక్కించావా, అయిపోయింది. మా సెంటర్లో చదివి, మంచి మార్కులొచ్చిన పిల్ల ఒకత్తె ఇక్కడే దెబ్బతిని ఏడుస్తూ వచ్చింది. ఇంట్లో ఒక పూట కూర్చుని, ఒడిశా కంపెనీ పేరుతో ట్యాలీలో ఉత్తుత్తి ఖాతా తెరిచి, ఇరవై బిల్లులు ఎక్కించి చూసుకో. 50,000 దాటిన సరుకు రవాణాకి ఈ-వే బిల్లు ఎలా తీయాలో కూడా ఒకసారి గుర్తు చేసుకో, అడుగుతారు.

ఒడియా రాదని భయపడుతున్నావు. షాపు అకౌంట్స్‌కి ఒడియా రాయక్కర్లేదు, బిల్లులన్నీ ఇంగ్లీషే. కావాల్సింది ఫోన్లో పార్టీ చెప్పే అంకె పట్టుకోవడం. అందుకని మాటలకంటే ముందు అంకెలు నేర్చుకో. ఒకటి నుంచి పది వారంలో వచ్చేస్తాయి. చిక్కు వచ్చేది సగాల దగ్గర. 'డేఢ' అంటే ఒకటిన్నర, 'అఢేఇ' అంటే రెండున్నర. అఢేఇ హజార అంటే ఎంతో లెక్కేసుకో. ఆ కన్సల్టెన్సీ వాళ్లు అడిగిందే! కూరగాయల కొట్టు దగ్గర నీ బేరం మొత్తం ఒడియాలో చెయ్. తప్పు మాట్లాడితే వాళ్లు నవ్వుతారు, కానీ కొత్తిమీర ఊరికే వేస్తారు. ఇంటర్వ్యూలో "ముఁ టికే టికే ఓడియా జాణే", అంటే నాకు కొంచెం కొంచెం ఒడియా వచ్చు అని ఒక్క వాక్యం నువ్వే ముందు అనెయ్. ఆ తర్వాత ఎదుటివాళ్లే తెలుగులోకో హిందీలోకో దిగుతారు. జీతాన్ని 'దరమా' అంటారు, ఆ మాట వినగానే చెవి రిక్కించు.

ఎవరూ తెలీదు అన్నావు. బాబు నర్సరీ గేటు దగ్గర రోజూ ఎంతసేపు నిలబడతావు? అక్కడున్న తల్లుల్లో సగం మంది ఇళ్లల్లో వ్యాపారాలే. నాకు పని దొరికింది ఏ ఆఫీసులోనూ కాదు. మా ఇంటి యజమానురాలు నడిపే చీటీకి లెక్కలు రాసేవాళ్లు లేక, నన్ను రాయమంది. నాలుగు నెలలు ఊరికే రాశాను. నీలం సిరాతో పాడిన మొత్తం, ఎర్ర సిరాతో బాకీ. ఆ చీటీలో ఉన్న ఒకావిడ భర్తకి మెడికల్ ఏజెన్సీ. ఆవిడ నా పుస్తకం ఇంటికి పట్టుకెళ్లి ఆయనకి చూపించింది. 1996 శ్రావణంలో చేరాను, నెలకి 600. మేడగది ఆయనకి ఇచ్చిన 300 పోను మొదటి నెల నాకు మిగిలింది సగం, అని మా ఆయన ఇప్పటికీ వేళాకోళం చేస్తారు.

బాబు చిన్నవాడు కాబట్టి ఇంకో దారి కూడా ఆలోచించు. చిన్న షాపులకి రోజంతా అకౌంటెంటు అక్కర్లేదు. ఒక్కో షాపులో రోజుకి గంటన్నర చొప్పున మూడు షాపులు పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చేస్తారు. కాకపోతే వాటిల్లో పీఎఫ్ ఉండదు. పది మంది, ఆ పైన పనిచేసే చోట చేరితే, జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకి ఈఎస్ఐ, అంటే వైద్య బీమా, ఉండాలి. ఇరవై మంది, ఆ పైన ఉంటే పీఎఫ్ ఉండాలి. విశాఖ షాపులో పీఎఫ్ కట్ అయ్యి ఉంటే నీ పీఎఫ్ ఖాతాకిచ్చిన యూఏఎన్ నంబరు వెతికి పెట్టుకో. కొత్తచోట కొత్త నంబరు తీసుకోకు, పాతదే ఇవ్వు. అప్పుడే పాత డబ్బు ఇందులో కలుస్తుంది.

ఇంకో మాట, ఇది కేవలం నీకు ధైర్యానికి. కార్మిక మంత్రిగా చేసి, బ్యాంకు ఉద్యోగుల జీతాల గొడవలో ప్రభుత్వంతో పడక 1954లో రాజీనామా చేసి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి పుట్టింది ఈ ఊళ్లోనే, 1894లో. మన తెలుగాయనే. ఆ ఊళ్లో ఉండి, పనుందా అని షాపు మెట్లెక్కి అడగడానికి మొహమాటమేంటి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. మాది గుణుపురం దగ్గర పల్లె. మా అబ్బాయి ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాడు. రాయగడలో రూము తీసుకుని మూడు నెలలుగా ఫ్యాక్టరీల చుట్టూ తిరుగుతున్నాడు. కాంట్రాక్టరు మనిషినని ఒకడు, 15,000 ఇస్తే గేటు పాసు చేయిస్తానంటున్నాడు. ఊరి కుర్రాళ్లేమో సూరత్ వచ్చెయ్ అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక తండ్రి)

జవాబు: నమస్తే అన్నగారూ. గేటు పాసు అనేది కంపెనీ సెక్యూరిటీ వాళ్లు ఇచ్చే చీటీ, ఉద్యోగం కాదు. ఇవాళ ఇస్తారు, పని అయిపోగానే లాక్కుంటారు. దానికి 15,000 పోయొద్దు.

ఐటీఐ పాసైనవాడికి మొదట అప్రెంటిస్‌షిప్, అంటే సంస్థలోనే పని నేర్చుకోవడం. 1961 నుంచి దానికి చట్టం ఉంది. ముప్పై మంది, ఆ పైన పనిచేసే సంస్థ ప్రతి ఏడూ కొంతమంది అప్రెంటిస్‌లని తీసుకోవాల్సిందే, ఉన్న సిబ్బందిలో రెండున్నర శాతానికి తగ్గకూడదు. నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలి. చివర్లో పరీక్ష రాసి పాసైతే జాతీయ సర్టిఫికెట్ వస్తుంది. రాయగడ చుట్టూ పేపరు మిల్లు ఉంది, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ ఉంది, కాశీపూర్ వైపు అల్యూమినా రిఫైనరీ ఉంది. కొరాపుట్ జిల్లాలోకి వెళ్తే సునాబేడలో విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ హెచ్ఏఎల్, దమన్‌జోడిలో అల్యూమినియం కంపెనీ నాల్కో. గేటు దగ్గర నిలబడితే వీటి ప్రకటనలు కనబడవు. కేంద్రం అప్రెంటిస్‌షిప్ వెబ్‌సైట్లో బాబు పేరు నమోదు చేయించి వారానికోసారి చూసుకోమనండి. వాడు చదివిన ఐటీఐలో ప్లేస్‌మెంట్ చూసే సారు ఒకరుంటారు. పాసై వెళ్లిపోయిన పిల్లలు మళ్లీ మొహం చూపించరు గానీ, వెళ్లి నిలబడితే ఆ సార్లే కాదనరు. మా బరంపురం ప్రభుత్వ ఐటీఐలో పిల్లలు తుక్కు ఇనుముతో చేసిన బొమ్మలు చూడ్డానికి జనం వస్తారు. మీవాడు ఐటీఐలో తన చేత్తో చేసిన ఇనప ముక్క ఏదైనా ఉంటే ఫొటో తీసి బయోడేటాకి తగిలించమనండి. ఫిట్టర్‌కి మార్కులకంటే అదే సాక్ష్యం.

కాంట్రాక్టు పనికే వెళ్లాల్సి వస్తే తప్పు లేదు. డబ్బు ఇవ్వకుండా వెళ్లాలి. కాంట్రాక్టరు పేరు, రోజు కూలి, పీఎఫ్ నంబరు రాసిన కాగితం చేతికి రావాలి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు కంపెనీయే కట్టాలని చట్టం ఉంది. ఇది చాలామంది కుర్రాళ్లకి తెలీదు. హాజరు వేసుకున్న డైరీ ఒకటి సొంతంగా రాసుకోమనండి.

సూరత్ సంగతి. గంజాం జిల్లా నుంచి పవర్‌లూమ్‌లకి వెళ్లినవాళ్లు లెక్కలేనంత మంది, డబ్బు పంపించి ఇళ్లు కట్టినవాళ్లూ ఉన్నారు. నేను వద్దనను. కానీ మగ్గం దగ్గర రెండేళ్లు పనిచేస్తే చేతిలో ఉన్న ఫిట్టర్ పని మర్చిపోతాడు. అదీ నా బెంగ. ముందు ఒక ఆరు నెలలు అప్రెంటిస్‌షిప్ కోసం చూడండి. అప్పటికీ కుదరక వెళ్తే, రేషన్ కార్డుకి ఆధార్ కలిపి ఉందో లేదో చూసుకుని పంపండి. ఇప్పుడు వాడి వాటా బియ్యం అక్కడి డిపోలో కూడా తీసుకోవచ్చు.

ప్రశ్న: అక్కా, నేను పర్లాకిమిడి. తెలుగు మీడియంలో చదివాను, డిగ్రీ అయింది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకి తెలుగు మీడియం వాళ్లు పనికిరారని ఫ్రెండ్ అంటోంది. నిజమా? బరంపురం వచ్చి కోచింగ్‌లో చేరాలనుంది. (ఒక చెల్లెలు)

జవాబు: తెలుగు మీడియం అడ్డు కాదు తల్లీ. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చుండాలి అన్నది షరతు. ఏడో తరగతి గానీ, ఆ పైన గానీ పరీక్షలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉంటే చాలు. అలా లేనివాళ్లకి మిడిల్ స్కూలు స్థాయి ఒడియా పరీక్ష విడిగా పెడతారు, అది పాసవ్వాలి. కాబట్టి కోచింగ్ ఫీజు కట్టే ముందు ఇంటికెళ్లి ట్రంకు పెట్టె తెరిచి, నీ పాత మార్కుల షీట్లు తీసి ఒడియా అని ఉందో లేదో చూడు. ఉంటే దాని నకళ్లు మూడు తీయించుకో. లేకపోతే కోచింగ్ తర్వాత, ముందు ఆ పరీక్షకి దరఖాస్తు. చూశాక మళ్లీ రాయి. మార్కుల షీటు ఒరిజినల్ మాత్రం నాకు పోస్టులో పంపకు, పోయినేడాది ఒకమ్మాయి పంపితే దాన్ని తిరిగి చేర్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.